పోలికకు పెట్టిన రక్తం

నా కథలో ఆవగింజంత అబద్ధం దొరికితే అడగండి.

క్యాన్సర్ జాడను ముందే పసిగట్టే పట్టీలను పరీక్షించే ల్యాబ్‌లో ఆమెది రాత్రి డ్యూటీ. పట్టీలో కంటికి ఆనని బంగారు నలుసులుంటాయి. రక్తంలో జబ్బు ఉంటే ఎర్రగీత పడుతుంది. పోల్చి చూడటానికి జబ్బులేని రక్తం కావాలి కనుక, డ్యూటీలో ఉన్నవాళ్లు తమదే వేస్తారు.

ఆ రాత్రి బయటివాళ్ల రక్తం వేసిన పట్టీలన్నీ తెల్లగానే ఉన్నాయి. ఆమెది ఎర్రబడింది. ఆవులిస్తూనే కొత్త డబ్బా విప్పింది. మళ్లీ ఎర్రగీతే. ఫ్రిజ్ మోత ఠక్కున ఆగింది.

ల్యాబ్ పెద్దసారుకు ఫోన్ చేసింది.

"సార్, పోలికకు పెట్టిన రక్తమే గీత చూపిస్తోంది."

"ఎవరిదమ్మా అది?"

"నాదే సార్. ఇన్నాళ్లూ మీరు తాగగా మిగిలింది."

"పట్టీలే పాడైపోయుంటాయిలే. ఇంటికెళ్లి పడుకో తల్లీ," అన్నాడాయన.

సరే, ఒప్పుకుంటాను. ఆయన అన్నట్టు చెప్పిన ఆ చివరి మాట నేను కల్పించిందే. అవతల నుంచి ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు.