దీర్ఘం

ఈశ్వరి పోయిన రోజు ఆదివారం. 2006 జూలైలో ఆఖరి ఆదివారం. పదకొండింటికి గ్రూపులో చర్చ.

సువార్త టీచరు అనకాపల్లి మెయిన్ రోడ్డులోని నెట్ సెంటర్లో కూర్చుని ఆమె కోసమే చూస్తోంది. నలుగురు స్నేహితులు కలిసి పెట్టుకున్న పుస్తకాల గ్రూపు అది. నెలకో పుస్తకం చదవాలి. ఆఖరి ఆదివారం ఎక్కడివాళ్లక్కడ కంప్యూటర్ల ముందు కూర్చుని మెయిళ్లలో మాట్లాడుకోవాలి. ఆ కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు రావు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవారు.

"ఈశ్వరక్క ఇంకా రాలేదేటి?" అని పరవాడ నుంచి బెన్‌హర్ రాశాడు.

"'రాలేదేటి' కాదు, 'రాలేదేమిటి'. టీచరు నిన్ను బెంచీ ఎక్కిస్తారు, జాగ్రత్త" అని దేవరాపల్లి నుంచి నూకరత్నం రాసింది.

సువార్త నవ్వుకుంది. పుస్తకాల గురించి రాసేటప్పుడు పుస్తకాల భాషే రాయాలన్న నియమం తనదే.

పన్నెండింటికి ఫోను వచ్చింది. స్నానాల గదిలో ఈశ్వరికి మూర్ఛ వచ్చిందట. తలుపు పగలగొట్టేసరికే అంతా అయిపోయిందట.

పెద్దకర్మ అయిన మర్నాడు ఈశ్వరి భర్త త్రినాథ్ బడికి వచ్చాడు. గడ్డం మాసి ఉంది. చేతిలో గుడ్డ సంచీ. అందులోంచి మూర్ఛ మాత్రల అట్టలు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"బియ్యం డబ్బాలో దొరికేయండి. రెండు నెలలవి. ఒక్కటీ ఇప్పలేదు."

సువార్త వాటిని ముట్టుకోలేదు.

"ఏసుకుంటన్నావా అంటే ఏసుకుంటన్నాననే అనేది. రోజూ అడిగేవోణ్ని. మీకేటైనా సెప్పిందా టీచరమ్మా?"

"చెప్పింది" అంది సువార్త. "ఆపనని చెప్పింది."

మే నెలలో ఈశ్వరి గ్రూపులో కాకుండా విడిగా సువార్తకే ఒక మెయిలు రాసింది. మందు వేసుకుంటే రెండో పేజీకే కళ్లు మూతలు పడుతున్నాయని, ఈ మందులుండగా పుస్తకం సాగదని. తొందరపడొద్దు, బాగా ఆలోచించుకో అని సువార్త జవాబిచ్చింది. నాలుగు రోజులకి మందులు ఆపనని ఈశ్వరి మాట వచ్చింది. సువార్త మనసు కుదుటపడింది.

ఆ తర్వాత రెండు నెలలూ ఈశ్వరి రాసినంత బాగా గ్రూపులో ఎవరూ రాయలేదు. నాలుగు వందల పేజీల నవలని వారంలో ముగించింది. మందు ఒంటికి అలవాటు పడిందనుకుంది సువార్త.

త్రినాథ్ వచ్చి వెళ్లినప్పటి నుంచి సువార్తని ఆ మాటే వదలడం లేదు. బోర్డు మీద రాస్తూ రాస్తూ చెయ్యి ఆగిపోతోంది. వెనక బెంచీలోంచి ఈశ్వరి గొంతు వినిపించినట్టయి తిరిగి చూస్తోంది. రోజూ బడి వదలగానే నెట్ సెంటర్‌కి పోయి ఆ మెయిలు తెరుస్తోంది. పేరు అక్కడే ఉంటుంది, బతికున్నవాళ్ల పేర్ల మధ్య. చావుని ఎలాగో ఒప్పుకోవచ్చు. నాతో అబద్ధమెందుకాడావు ఈశ్వరీ అని అడిగితే మాత్రం ఆ తెర పలకదు.

"ఆ మాట ఓసారి సూపించండి" అన్నాడు త్రినాథ్, వారం తర్వాత అదే సంచీతో మళ్లీ బడికి వచ్చి. "నాకొక్కడికే కాదు, మీకూ అబద్ధమాడిందంటే నాకదో ఊరట."

ఇద్దరూ నెట్ సెంటర్‌కి నడిచారు. యజమాని పరదేశి ఇంకో కుర్చీ తెచ్చి వేశాడు. సువార్త మెయిలు తెరిచింది. తెర మీద ఒకటే వరస.

baga alochinchanu. mandulu apanu.

క్లాసులో పాఠం చెప్పినట్టు మాట మాట కిందా వేలు పెట్టి చదివింది. "బాగా ఆలోచించాను. మందులు ఆపను."

త్రినాథ్ ముందుకి వంగాడు. పెదాలు కదుపుకుంటూ రెండుసార్లు చదువుకున్నాడు.

"మొదటిది 'ఆలోచించాను' అని సదివేరు. రెండోదీ అలాగే ఉంది గదండీ. ఆపాను."

"కాదు త్రినాథ్ గారూ. ఆపేసి ఉంటే 'ఆపేను' అని రాసేది. మీ ఇంట్లో మీరు అలాగే కదా అంటారు."

"ఇంట్లో అంటామండి. మీ గ్రూపులో అలా రాత్తే తప్పంట గదా. 'సదివేను' అని కొట్టేది, మళ్లీ సెరిపేసి దిద్దేది. మా టీచరు ఒప్పుకోదు అని నవ్వేది."

సువార్త వేలు తెర మీదే ఉండిపోయింది. పక్క కంప్యూటర్ దగ్గర ఎవరో గట్టిగా నవ్వారు. పరదేశి వాళ్లని కసిరాడు.

త్రినాథ్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. వచ్చినప్పటి కంటే ఇప్పుడే తేలిగ్గా ఉన్నట్టున్నాడు.

"అయితే అది దాయలేదండీ. ఒకరికైనా నిజం సెప్పింది. మీరు సదవడంలో పొరబడ్డారు, అంతే. ఎవరైనా పొరబడతారు. తెలిసుంటే మీరు ఊరుకునేవోరా? వద్దని రాసేవోరు కాదా?"

త్రినాథ్ సంచీ మడిచి చంకలో పెట్టుకుని, దండం పెట్టి, కంపెనీ బస్సుకి వెళ్లిపోయాడు.

'చాలా మంచి నిర్ణయం ఈశ్వరీ, ఈ మాట మీదే ఉండు' అని ఆ మెయిలు అందిన రోజే తను పంపిన జవాబుని సువార్త ఇంతవరకూ అతనికి చూపించలేదు.