కుకీలు తుడిచాక

పొద్దంతా సీడ్ పత్తి చేలో మొగ్గలు గిల్లి వచ్చిన ఉమ వేళ్లు మంటపెడుతున్నాయి. ఇంట్లో కంప్యూటర్ మొరాయిస్తోందని, చెత్త ఊడ్చే సాఫ్ట్‌వేర్ నడిపింది. కుకీలు కూడా తుడిచేయాలా అని అది అడిగితే, నిద్రమత్తులో సరేనని నొక్కేసింది.

నొక్కాక గుర్తొచ్చింది. చనిపోయిన భర్త నాగేశ్ మెయిల్ ఇన్నాళ్లూ పాస్‌వర్డ్ అడగకుండా తెరుచుకుంటున్నది ఆ కుకీల పుణ్యానే. అతను పాడి దాచుకున్న పాటలన్నీ అందులోనే ఉన్నాయి. ఇప్పుడు తెర మీద పాస్‌వర్డ్ అడిగే ఖాళీ గడి ఒకటే మిగిలింది. ఆ పాస్‌వర్డ్ అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

"ఉమా, నాగేశ్ పాట జర పెట్టవే. నిద్ర వడ్తలేదు," వాకిట్లోంచి అత్త జోగులమ్మ అడిగింది.

ఉమకు ఏడ్చే ఓపిక కూడా లేదు. బయటికి వచ్చి, "ఇయ్యాల రాదత్తా," అంటూ అత్త మంచం మీద కూలబడింది.

మానవపాడు ఊరంతా సద్దుమణిగింది. అప్పుడు లోపల కీబోర్డు టకటకమంది. ఆగింది. మళ్లీ మోగింది.

ఉమ దిగ్గున లేవబోతే జోగులమ్మ చెయ్యి పట్టుకుంది.

"జర ఆగు. యాది జేసుకుంటుండు."

చప్పుడు ఆగాక ఉమ లోపలికి వెళ్లింది. కుర్చీ ఖాళీగా ఉంది. గడి నిండా నల్లటి చుక్కలు. ఆమె చూస్తుండగానే మెయిల్ తెరుచుకుంది. పైన చిన్న ప్రశ్న వెలిగింది: ఈ పాస్‌వర్డ్ సేవ్ చేయాలా?

అవునని నొక్కడానికి ఉమ మౌస్ మీద చెయ్యి వేసింది.

మౌస్ వెచ్చగా ఉంది.