ఏడో నిమిషం, పన్నెండో సెకను

ఇరవై మూడో పాఠం మూడోసారి రికార్డు చేసి క్లాసు గ్రూపులో పెట్టిన గంటకే మెసేజ్ వచ్చింది.

"మేడమ్, ఏడో నిమిషం పన్నెండో సెకను దగ్గర మూడు మాటలు వినపడలేదు. తొమ్మిదో నిమిషంలో ఒక వాక్యం మొత్తం లేదు."

టీచర్ తల పట్టుకుంది.

కంప్యూటర్‌లో ఇంటి ప్లాన్లు గీయడం నేర్పే పాఠాలవి. స్క్రీను మీద గీత గీస్తూ, అది అక్కడే ఎందుకు గీయాలో నోటితో చెప్పాలి. గీతలన్నీ లక్షణంగా రికార్డవుతున్నాయి. గొంతే ఉన్నట్టుండి మాయమైపోతోంది.

శనివారంలోగా ముప్ఫై పాఠాలూ సరిగ్గా అందకపోతే కోర్సు ఇంకొకరికి ఇచ్చేస్తానని ఇన్‌స్టిట్యూట్ మేనేజరు ఖరాఖండిగా చెప్పేశాడు. ఏడాదిపాటు ఇంట్లో ఖాళీగా కూర్చున్నాక ఆమెకు దొరికిన పని అది.

"మళ్లీ ఆయనేనా?" భర్త నవ్వాడు.

"ఇంకెవరు? సెకన్లాయనే."

ఆ పేరు పెట్టింది ఆమే. క్లాసులో నలభై మంది ఉన్నారు. ముప్ఫై తొమ్మిది మంది విన్నారో లేదో ఆ దేవుడికే తెలియాలి. ఈయనొక్కడే ప్రతి పాఠానికీ చాంతాడంత చిట్టా పంపుతాడు.

"అంత తీరికేంటో ఆయనకి?"

"పనీ పాటా ఉంటే నా ప్రాణం ఎందుకు తీస్తాడు?"

మైకు మార్చింది. వైరు మార్చింది. కంప్యూటర్‌లో మిగతావన్నీ మూసేసింది. పాత ఫైళ్లు చెరిపేసి చోటు చేసింది. పడగ్గదిలో కాదని, వంటింటి గట్టు మీద పెట్టుకుని కూడా చెప్పి చూసింది. ఏం చేసినా గొంతు పోతూనే ఉంది.

చెప్పిందే చెప్పి చెప్పి, తన గొంతు వింటే తనకే చిరాకు పుట్టే దశకొచ్చింది.

బుధవారం ఇంకో మెసేజ్.

"మేడమ్, అన్ని పాఠాలూ మొదటినుంచీ మళ్లీ విన్నాను. ఏ పాఠంలోనూ మొదట్లో పోవడం లేదు. మీరు అలసిపోయి గొంతు తగ్గించిన చోటే పోతోంది. కాస్త విశ్రాంతి తీసుకుని చెప్పండి."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. వెంటనే ఆ నంబరుకి ఫోన్ చేసింది.

"నేను అలసిపోయానని మీకెవరు చెప్పారండీ? పాఠం వింటారా, నాకు నాడి చూస్తారా?"

అవతల ఊపిరి వినపడుతోంది. మాట లేదు.

"హలో! మిమ్మల్నే."

ఊపిరి. అంతే.

"రాయడానికి వేళ్లు ఆడతాయి కానీ, మాట్లాడటానికి నోరు రాదా?"

ఫోన్ కట్టయింది. నిమిషం తర్వాత మెసేజ్ వచ్చింది. "క్షమించండి మేడమ్."

ఆ కోపంలోనే మేనేజరుకి ఫోన్ కలిపింది.

"పాఠం పాఠానికీ చిట్టాలు పంపే ఆయన్ని క్లాసులోంచి తీసేయండి సార్. ఆయనుంటే నేను చెప్పలేను."

మేనేజరు నసిగాడు.

"ఒక్కసారి ఆలోచించుకోండమ్మా."

"ఆలోచించే ఓపిక లేదు సార్ నాకు."

"సరే. మీ ఇష్టం."

గురువారం మెసేజ్ రాలేదు. హమ్మయ్య అనుకుంది. ఆ హమ్మయ్య మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. గొంతు ఎక్కడెక్కడ పోయిందో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. చచ్చినట్టు తన పాఠాలు తనే వినాలి.

చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంది. నాలుగు పాఠాలు వినేసరికి ఆమె మొహం మాడిపోయింది. మొదట్లో గొంతు ఖంగుమంటోంది, అక్షరం పోవడం లేదు. ఏడెనిమిది నిమిషాలకు నీరసం వస్తోంది, గొంతు సన్నబడుతోంది, సరిగ్గా అక్కడే మాట ఎగిరిపోతోంది. ప్రతి పాఠంలోనూ ఇదే తంతు.

అప్పుడు వెలిగింది. రికార్డింగ్ సెట్టింగుల్లో 'చుట్టుపక్కల చప్పుళ్లు తీసేయి' అన్న గడిలో టిక్కు పెట్టి ఉంది. పెట్టింది తనే. కిందటి నెల పై వాటా వాళ్లు గచ్చు పగలగొట్టిస్తుంటే ఆ గోల పడలేక పెట్టింది, ఆ తర్వాత మరిచేపోయింది. గొంతు తగ్గినప్పుడల్లా కంప్యూటర్ దాన్ని కూడా చప్పుడే అనుకుని తుడిచేస్తోంది.

టిక్కు తీసేసి ఇరవై మూడో పాఠం మళ్లీ చెప్పింది. చివరిదాకా ఒక్క మాట పోలేదు. పోయినవన్నీ మళ్లీ చెప్పి, శుక్రవారం సాయంత్రానికల్లా ముప్ఫై పాఠాలూ పంపేసింది.

మేనేజరే ఫోన్ చేశాడు.

"అన్నీ బాగున్నాయమ్మా. వచ్చే కోర్సు కూడా మీరే చెప్పాలి."

సంతోషించే ఓపిక కూడా లేదామెకు. పైగా నిన్నటి నుంచీ ఒకటే గుచ్చుతోంది.

"సార్, ఆయన్ని మళ్లీ చేర్చుకోండి. తప్పు నాదే. ఆయన చెప్పిందే నిజం. క్షమించమని అడుగుదామంటే ఫోన్ స్విచ్చాఫ్ వస్తోంది."

"నిన్ననే వచ్చి ఐడీ కార్డు ఇచ్చేసి వెళ్లిపోయారమ్మా. ఇక్కడ తనకింక పనేం లేదు, కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నానని కాగితం మీద రాసి చూపించారు."

"రాసి చూపించడమేంటి సార్?"

మేనేజరు నిట్టూర్చాడు.

"పాత మాస్టారు వింటున్నారని తెలిస్తే మీరు బెదురుతారని, మీకు చెప్పొద్దన్నారు. అందుకే ఇన్నాళ్లూ చెప్పలేదు."

"ఏ మాస్టారు?"

"ఆపరేషన్ చేసి గొంతు తీసేసేదాకా ఈ కోర్సు చెప్పింది ఆయనేనమ్మా. తన చోటికి మనిషిని చూడమంటే, వచ్చిన ఇరవై మంది గొంతులూ విని, మిమ్మల్నే తీసుకోమని పట్టుబట్టింది కూడా ఆయనే."