కిటికీ పక్క సీటు

“కిటికీ పక్క నువ్వు కూర్చో. గాలి తగుల్తాది,” అంది పూర్ణిమ.

కరుణాకర్ లోపలికి జరిగాడు. ఆళ్లగడ్డ బస్టాండులో బస్సు ఎక్కేటప్పుడే అతని చేతిలోని సంచి భార్య లాక్కుంది. పంతొమ్మిది రోజులుగా ఇంట్లో ఎవరూ అతనికి పని చెప్పడం లేదు. ఉడకబెట్టిన గుడ్డు అతని కంచంలోనే పడుతోంది.

అంతకు ముందు వారం వాళ్ల వీధికి ఎక్స్‌రే బండి వచ్చింది. “ముందు నువ్వు నిలబడు మే, చూసి నేనూ నిలబడతా,” అని పూర్ణిమను ముందుకు తోసి, ఆమె వెనక తనూ తీయించుకున్నాడు. చెరొక చీటీ ఇచ్చి పంపారు. తర్వాత ఒకరోజు ఆశా కార్యకర్త మంజుల ఫోన్ చేసింది. ఎత్తింది అతని తల్లి సుబ్బలక్ష్మమ్మ.

“రేయ్, ఊపిరితిత్తిలో మచ్చ ఉండాదంట. చీటీలు తీసుకొని నంద్యాలకు పోవాలంట,” అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఎన్నిసార్లు చెప్తిని, ఆ సిగరెట్టు పారేయరా అని. వింటివా?”

కరుణాకర్ ఆ పూటే పెట్టె తీసి కాలవలో పడేశాడు. నంద్యాలకు పోవడానికి మాత్రం కాళ్లు రాలేదు. సోమవారం పోదామన్నాడు, అమావాస్య పోనిమ్మన్నాడు, పురుగుమందుల అంగడికి సరుకు వస్తుందన్నాడు. పూర్ణిమ పోరి పోరి ఇవాళ బయల్దేరదీసింది.

పొద్దున గడప దాటుతుంటే వసారాలో మంచం మీద నుంచి తండ్రి చెన్నకేశవులు అన్నాడు: “నా కొడుకు నా ముందర ఒక్కనాడు పొగ ఊదినోడు కాదు. అట్లాంటోనికేందీ ఈ రోగం?”

“ముందర ఊదకపోతే ఊదనట్లేనా?” అంది సుబ్బలక్ష్మమ్మ.

ఆయన చెప్పింది నిజమే. కరుణాకర్ అంగడిలో తాగడు, నాయన స్నేహితులు వస్తుంటారని. బజార్లో తాగడు, ఎవరైనా చెబుతారని. పెళ్లయిన కొత్త నుంచీ అతనికి తమ గదే చోటు. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు నాలుగు, రాత్రికి మిగిలినవి. తలుపు గడియ పెట్టేవాడు. కిటికీ కింద వసారాలోనే తండ్రి మంచం కాబట్టి కిటికీ కూడా మూసేవాడు. పెద్దలంటే ఆ మాత్రం భయం ఉండాలని బంధువులు మెచ్చుకునేవాళ్లు.

శిరివెళ్ల దాటాక అతను జేబులోంచి లవంగం తీసి నోట్లో వేసుకున్నాడు.

“నాకేమన్నా అయితే మన పాప కావ్య చదువు ఆపొద్దు మే.”

“ఏం కాదులే. దానికి పరీక్షలు అయ్యేదాకా ఈ మాట చెప్పొద్దు.”

“అంగడి నువ్వు చూసుకోగలవా?”

“నువ్వే చూసుకుంటావు. ఊరుకో.”

ఎదురుగా వచ్చిన ట్రాక్టరు దుమ్ము లేపింది. పూర్ణిమ దగ్గింది. కరుణాకర్ అద్దం జరపబోయాడు.

“వద్దు, తెరిచే పెట్టు. నీకు గాలి కావాల.”

“దుమ్ము నీకు పడదు కదా.”

“నాదేముంది,” అంది ఆమె.

నంద్యాల ఆసుపత్రిలో డాక్టరు గది రెండో అంతస్తులో ఉంది. మెట్ల మొదటి మలుపులో పూర్ణిమ ఆగి సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. రెండో మలుపులో మళ్లీ ఆగింది.

“నాకోసం ఆగొద్దులే మే. నేను ఎక్కగలను,” అన్నాడు కరుణాకర్.

ఆమె నవ్వి, భుజం మీద నుంచి జారుతున్న జాకెట్టు సర్దుకుంది. ఈ మధ్య ఆమె జాకెట్లన్నీ వదులైపోయాయి. మొగుడి మీది దిగులే పెళ్లాన్ని పిండేస్తోందని సుబ్బలక్ష్మమ్మ కనిపించిన వాళ్లందరికీ చెబుతోంది.

డాక్టరు బల్ల పక్కన ఒకటే స్టూలు ఉంది. పూర్ణిమ భర్తను దాని మీద కూర్చోబెట్టి, వెనక గోడకు ఆనుకుని నిలబడింది. పర్సులోంచి రెండు చీటీలూ తీసి బల్ల మీద పెట్టింది.

డాక్టరు చీటీల మీది నంబర్లు కంప్యూటర్లో కొట్టాడు. ఒక బొమ్మ చూశాడు, రెండోది చూశాడు, మళ్లీ మొదటిదానికి వచ్చాడు.

“సిగరెట్ ఎన్నేళ్లుగా?”

“ఇరవై రెండేళ్లు సార్. ఇప్పుడు మానేసినా. పంతొమ్మిది దినాలాయ.”

“రోజుకు?”

“పది... పన్నెండు.”

“ఎక్కడ తాగేవారు?”

కరుణాకర్ కొంచెం నిటారుగా కూర్చున్నాడు. తలవంచుకోకుండా జవాబు చెప్పగలిగిన ప్రశ్న ఇదొక్కటే.

“బజార్లో తాగను సార్. నాయన ముందర అసలే లేదు. మా రూములోనే, తలుపేసుకుని.”

“కిటికీ?”

“అదీ వేసేవాణ్ణి సార్. ఇన్నేండ్లలో పొగ బయటికి పోనియ్యల్యా.”

డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“మచ్చ పెద్దదిగానే ఉంది. ఇవాళే స్కాన్ తీయాలి. ఇంకా ముందే రావలసింది.”

“నేనే భయపడి ఆలస్యం చేసినా సార్. ఏదైనా కానీ, నాకే చెప్పండి. ఆమె తట్టుకోలేదు.”

డాక్టరు అతని భుజం మీదుగా గోడ వైపు చూశాడు.

“మీరు లేచి, పేషెంటును కూర్చోనివ్వండి.”