సైడియ్యని అంబాసిడర్

ఉప్పల్ రింగురోడ్డు సిగ్నల్ కాడ ఎర్రలైటు పడ్డది. సిద్దయ్య తెల్ల అంబాసిడర్ పక్కకే ఒక మారుతీ 800 కారు వచ్చి ఆగింది. దాంట్ల ఉన్న బట్టతలాయన అద్దం దించి మీదవడ్డడు.

"అర కిలోమీటరు నుంచి హారన్ కొడుతున్నా, సైడివ్వవేమయ్యా? ఇంకా ఈ ఏనుగుని రోడ్డెక్కిస్తున్నావా? పాత ఇనుము కింద అమ్మెయ్యి!"

సిద్దయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. తననంటే ఊకుంటడు గని బండినంటే ఊకోడు.

"నీదేంది సారూ, అగ్గిపెట్టె! గట్టిగ తుమ్మితే డోరూడుతది. నాది డెబ్బైనాలుగు మోడల్. గుద్దితే గోడ పడాలె గని దీనికి సొట్ట పడది."

"నాది ఎనభైఏడు. లీటరుకి పద్దెనిమిది కిలోమీటర్లిస్తుంది. నీదెంతిస్తుందో చెప్పు!"

"పెండ్లికి పోతే పదిమంది ఎక్కుతరు. నీదాంట్ల నలుగురు కూసుంటే మోకాళ్లు మూతికి తాకుతయ్!"

"నాయినా!" ఎనక సీట్లకెల్లి బిడ్డ దీప ఏడుపు గొంతుతోటి అరిచింది. "నీ కొట్లాట సల్లగుండ! పదింటికి ఎంట్రెన్సు. ఒక్క నిమిషం లేటైనా లోపలికి రానియ్యరు. ఏడాదంత చదివిన!"

అసలే పొద్దుగాల చిల్కానగర్ల బండి స్టార్టు గాకపోతే గల్లీ అంత కలిసి నూకిన్రు. పచ్చలైటు పడంగనే సిద్దయ్య రోడ్డు నడిమిట్ల పట్టిండు. మారుతీ హారన్ కొట్టుకుంట ఎనకనే వచ్చింది. నాచారం దాకా సైడిస్తే ఒట్టు!

పరీక్ష జరిగే కాలేజీ కాడికి పోయేసరికి పది దాటి రెండు నిమిషాలైంది. గేటుకు తాళం. దీప మొఖం చేతుల్ల దాసుకుని ఏడ్వబట్టింది. సిద్దయ్య, ఈ బండిని నమ్మి బిడ్డ బతుకు ఆగం జేస్తినని కుమిలిపోయిండు.

వాచ్‌మన్ కాళ్లు మొక్కుదామని డోరు తియ్యబోయిండు. అంతల ఆ వాచ్‌మనే బీడీ పారేసి ఉరికొచ్చిండు. తాళం తీసి, గేటు బార్లా తెరిచి, నిటారుగ నిలబడి సెల్యూట్ కొట్టిండు!

సిద్దయ్యకు ఏం సమజ్ కాలే. సమజైందాక ఆగలే గూడ. బండిని సీదా లోపలికి తోలిండు. దీప హాల్‌టికెట్ పట్టుకుని ఒక్కటే ఉరుకుడు. మెట్ల మీదికెల్లి తండ్రికి చెయ్యూపి హాల్లకు పోయింది.

"శభాష్, నా బంగారం! గెలిచినవ్!" సిద్దయ్య బానెట్ మీద చరిచి మీసం తిప్పిండు.

నాచారం సిగ్నల్ కాడ చిక్కి ఎనకవడ్డ మారుతీ, గేటుకు మళ్ల తాళం పడ్డంక వచ్చి ఆగింది. "టైమైంది, పో పో!" అన్నడు వాచ్‌మన్.

బట్టతలాయన కిటికీలకెల్లి కార్డు ఊపుకుంట మొత్తుకున్నడు. "తాళం తియ్యవయ్యా! తనిఖీకి వచ్చిన స్క్వాడ్ ఆఫీసర్ని నేను!"

వాచ్‌మన్ పకపక నవ్విండు. "ఎవరికి చెప్తున్నవ్ సారూ? స్క్వాడ్ సారు గిప్పుడే తెల్ల అంబాసిడర్ల లోపలికి వోయిండు!"