మిగిలిపోయిన పాఠం

ఉతై నుంచి వచ్చిన బస్సు పవర్ హౌస్ బజారు దగ్గర ఆగేసరికి తుంపర మొదలైంది. ఛాయ చున్నీ తలమీద కప్పుకుని, ఆటోల మధ్య దారి చేసుకుంటూ గున్నమ్మ టిఫిన్ బండి కోసం చూసింది.

పెద్దగా వెతకక్కర్లేకపోయింది. ఇడ్లీ పాత్ర పక్కన ల్యాప్‌టాప్ ఉన్న బండి ఆ బజారు మొత్తానికి అదొక్కటే.

కంప్యూటర్ ఉద్యోగాల ఊసే ఎరగని ఇళ్ల ఆడవాళ్లకి ఒక సంస్థ ఆన్‌లైన్లో ఉచితంగా కోడింగ్ నేర్పుతోంది. మధ్యలో ఆగిపోయినవాళ్లకి ఫోన్లు చేసి ధైర్యం చెప్పడం ఛాయ పని. ఆ పనిలో చేరి ఇంకా ఏడాది కాలేదు. గున్నమ్మ ఫోన్ ఎత్తదు. ఎత్తినా "సూస్తాలే తల్లీ" అని పెట్టేస్తుంది. అందుకే ఈసారి తనే బయల్దేరింది.

గున్నమ్మకి అరవై దగ్గర పడుతున్నాయి. అయినా పరీక్షలన్నీ మొదటిసారికే గట్టెక్కింది. కొత్తగా చేరే ఆడవాళ్లకి సాయం చేసే ఉద్యోగం ఆవిడకే ఇద్దామనుకున్నారు. కూర్చుని చేసే పని. ఒక్క ఆఖరి పాఠం చూసేస్తే చాలు, ఉద్యోగం ఆవిడదే. గడువు ఇవాళ సాయంత్రంతో సరి. ఆ పాఠాన్ని మాత్రం గున్నమ్మ నెలల తరబడి ముట్టుకోలేదు.

"కూకో తల్లీ" అని గున్నమ్మ స్టూలు జరిపింది. జరపడానికి వంగి, మోకాలు పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది.

"డాక్టర్ ఏమన్నాడు ఆంటీ?"

"పొయ్యి కాడ నిలబడొద్దన్నాడు. నాను నిలబడకపోతే ఇడ్లీలు ఎవులు దించుతారు?"

బెంచీ మీద టీ తాగుతున్న నరసింగరావు నవ్వాడు. స్టీలు ప్లాంటులో పనిచేసి రిటైరై, పొద్దుపోక రోజూ అక్కడే కూర్చునే మనిషి. "కంప్యూటర్ దించుతాది. అందుకే గదా గున్నమ్మ సదువుతున్నాది" అన్నాడు.

ఛాయకి ఆ వేళాకోళం నచ్చలేదు. గున్నమ్మ మాత్రం పట్టించుకోలేదు.

"ఆంటీ, సచ్ మే, నిజం చెప్తున్నా, మీ అంత బాగా ఎవరూ రాయలేదు. మరి ఒకటో పాఠం అన్నిసార్లు ఎందుకు చూశారు? ఎవరెన్నిసార్లు చూశారో మాకు కనబడుతుంది. మీకు ఏమీ అర్థం కావట్లేదేమో అనుకున్నా."

"అర్దం కాకేటి? బాగా సెప్పింది పిల్ల."

"సుచిత్ర మేడమ్ చెప్తే ఎవరికైనా అర్థమవుతుంది."

ఛాయ కూడా ఆవిడ పాఠాల వీడియోలు చూసే నేర్చుకుంది. ఆవిణ్ణి ఎదురుగా ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు క్లాసులు చెప్పడం లేదని మాత్రం విన్నది. ఎంత తేలిక మాటల్లో చెప్పేదో. లూప్ అంటే ఇడ్లీ రేకులట. పిండి పోయ్, ఆవిరి పట్టించు, దించు, మళ్లీ పోయ్. కండిషన్ అంటే, బస్సు వస్తే టీ మరిగించు, రాకపోతే మంట తగ్గించు.

"అచ్చం మీకోసమే చెప్పినట్టుంటుంది కదా ఆంటీ?"

గున్నమ్మ తెరమీద పడ్డ తుంపర చుక్కని కొంగుతో తుడిచింది. అక్కడ ఏదో పాత పాఠం ఆగి ఉంది. సుచిత్ర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది.

"ఆయేళ పిల్లకి దగ్గు" అంది గున్నమ్మ. "గొంతు పూడుకుపోయింది. అయినా మానకుండా సెప్పింది."

ఛాయకి జాలేసింది. ఇంట్లో మాట్లాడే దిక్కు లేకపోతే, వీడియోలో కనబడేవాళ్లు కూడా చుట్టాలైపోతారు కాబోలు అనుకుంది.

"ఆఖరి దాంట్లో పరీక్ష లేదాంటీ. భయపడకండి. మేడమ్ అందరికీ వీడ్కోలు చెప్పి రెండు మాటలు మాట్లాడుతుంది, అంతే."

గున్నమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏటి మాటాడతాది?" అంది. వెంటనే, "సెప్పకు తల్లీ, సెప్పకు" అంది.

నరసింగరావు టీ గ్లాసు కింద పెట్టాడు. ఇందాకటి నవ్వు మొహంలో లేదు. "ఆ ఒక్కటీ ఒగ్గీ బేటీ" అన్నాడు మెల్లిగా.

వదిలేస్తే ఎలా? ఛాయ వాళ్లమ్మ ఉతైలో కూరల గంపలు మోసి మోసి నడుం పోగొట్టుకుంది. కూర్చుని చేసే పని విలువేమిటో ఛాయకి ఎవరూ చెప్పక్కర్లేదు. రేపటికి ఈ ఉద్యోగం ఇంకెవరికో పోతుంది. గున్నమ్మ ఈ పొయ్యి దగ్గరే కూలబడుతుంది. తలుచుకుంటేనే ఛాయకి ఏడుపొచ్చింది.

ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. "మీరు వినకపోయినా పర్లేదాంటీ. సౌండ్ తీసేసి పెడతా. మీరు ఇడ్లీలు దించేలోగా అయిపోతుంది."

"పిల్ల మాటాడతుంటే నోరు మూసేస్తావేటి?"

గున్నమ్మ గొంతులో అంత కోపం ఛాయ ఎప్పుడూ వినలేదు.

"సరే, సౌండ్ పెట్టే చూద్దాం. ఇద్దరం కలిసి చూద్దాం" అని ఛాయ ఆఖరి పాఠం మీదికి వేలు పోనిచ్చింది.

గున్నమ్మ పిండిచేత్తోనే ఆ వేలు గట్టిగా పట్టేసుకుంది. తుంపర పెద్దదై బండి పైనున్న రేకుమీద టపటపా కొట్టింది. నరసింగరావు రోడ్డువైపు తిరిగిపోయాడు.

"ఒక్క పాఠమే కదాంటీ. చూసేస్తే ఏం పోతుంది?"

గున్నమ్మ తెరమీది మొహాన్నే చూస్తూ అంది.

"అది కూడా ఇనేస్తే, సచ్చిపోయిన నా కూతురు నాకు కొత్తగా సెప్పే మాట ఇంకేటీ మిగల్దు తల్లీ."