తలుపు కింది పొగ

తప్పులుంటే మన్నించండి, అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నాను, రాత నిదానం. చవక ధూపం తెచ్చినప్పుడల్లా ముందు ఒకటి వెలిగించి చూస్తాను. పొగకు కళ్లు మండకూడదు, బూడిద చెదరకుండా నిలవాలి. ఆ రాత్రి వాసన బాగానే ఉంది. పొగ మాత్రం నేల మీదుగా జారి, మనవడు పడుకున్న గది తలుపు కిందికి దూరింది. కాసేపటికి వెనక్కి వచ్చింది. మళ్లీ లోపలికి పోయింది.

"అమ్మాయ్, ఆ గదిలో కిటికీ వేశావా?"

"ఎప్పుడో వేశానత్తయ్యా," అంది కోడలు వంటింట్లోంచి. "ధూపం చూడమంటే కిటికీలు చూస్తున్నారేంటి?"

ఇంట్లో పెద్దవాళ్లం మేమిద్దరమే. ఆ పొగ ఎవరో గాఢనిద్రలో ఊపిరి పీల్చి వదులుతున్నట్టుగా కదులుతోంది. ఇంకా పాకడమైనా రాని పసివాడి ఊపిరి అంత పొడుగుండదు.

లేచి తలుపు నెట్టాను. లోపలి నుంచి గడియ వేసి ఉంది.